స్కెచ్‌లో ఆ ఎర్ర గీత, ఆకుపచ్చ గీత దేనికి? క్యాడ్‌లో ఒరిజిన్, యాక్సిస్, రిఫరెన్స్ పాయింట్లు

పోయినసారి ఫ్రీక్యాడ్ ఇన్‌స్టాల్ చేసుకుని, ఒక స్కెచ్ ఓపెన్ చేసి, రెక్టాంగిల్ గీసి, దాన్ని ప్యాడ్ చేసి త్రీడీలోకి తేవడం వరకు చూశాం. ల్యాప్‌టాప్ లేనివాళ్లు ఫోన్‌లో ఆన్‌షేప్ యాప్ వేసుకుని ఫాలో అవ్వొచ్చని కూడా చెప్పాను. ఈరోజు కొత్త టూల్స్ పెద్దగా ఏమీ లేవు. స్కెచ్ ఓపెన్ చేయగానే, మీరింకా ఏమీ గీయకముందే స్క్రీన్ మీద కొన్ని ఉంటాయి కదా, వాటి గురించి మాట్లాడుకుందాం.

ఫ్రీక్యాడ్‌లో అయితే అడ్డంగా ఒక ఎర్ర గీత, నిలువుగా ఒక ఆకుపచ్చ గీత, రెండూ కలిసే చోట ఒక చుక్క కనిపిస్తాయి. ఎర్రది ఎక్స్ యాక్సిస్, ఆకుపచ్చది వై యాక్సిస్, ఆ చుక్క ఒరిజిన్. ఇంటర్‌లో గ్రాఫ్ పేపర్ మీద గీసిన అవే యాక్సిస్‌లు. చాలామంది వీటిని గోడ మీద క్యాలెండర్‌లాగా చూసి వదిలేస్తారు. ఖాళీగా ఎక్కడుంటే అక్కడ గీయడం మొదలుపెడతారు. గీత వస్తుంది, కొలత వస్తుంది, త్రీడీ కూడా వస్తుంది. అందుకే ఏదో తేడాగా ఉందన్న సంగతి చాలా లేటుగా తెలుస్తుంది. ఎంత లేటుగా అంటే, ఒక్కోసారి మెటల్ కట్ అయి చేతికి వచ్చాక.

ఒక తమ్ముడు నాకు తన ఫైల్ పంపాడు. డిప్లొమా మెకానికల్, ఫైనల్ ఇయర్. ప్రాజెక్ట్ కోసం పెన్నుతో కాగితం మీద బొమ్మలు గీసే చిన్న మెషిన్ చేస్తున్నాడు. దానికి స్టెప్పర్ మోటార్ కావాలి, ఆ మోటార్‌ని బిగించడానికి ఒక ప్లేట్ కావాలి. ముందు 60 మి.మీ. బై 60 మి.మీ. ప్లేట్ గీశాడు. తర్వాత బెల్ట్‌కి చోటు చాలదని వెడల్పు 70 చేశాడు. ఫైల్ తీసుకెళ్లి లేజర్ కటింగ్‌కి ఇచ్చి, రెండు ప్లేట్లు కట్ చేయించుకుని ఇంటికొచ్చి చూస్తే మోటార్ కూర్చోవట్లేదు. నాకు పెట్టిన మెసేజ్ ఇది: "అన్నా, నేను ఒక్క నంబరే మార్చాను. హోల్స్‌ని ముట్టుకోనే లేదు. మరి హోల్స్ ఎందుకు జరిగాయి? సోమవారం రివ్యూ ఉంది."

ఫైల్ చూపించొచ్చా అని అడిగాను, పేరు చెప్పకుండా చూపించమన్నాడు. తమ్ముడి ప్రశ్న చాలా మంచి ప్రశ్న. ఎపిసోడ్ మొత్తం దాని మీదే నడుపుతాను. దానికంటే ముందు ఒక లెక్క నేర్చుకోవాలి.

స్కెచ్‌లో ఒక పాయింట్ పెట్టారు అనుకోండి. అది రెండు రకాలుగా కదలగలదు, అడ్డంగా, నిలువుగా. దీన్ని డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ అంటారు, షార్ట్‌గా డీఓఎఫ్. పాయింట్‌కి 2. ఒక గీతకి రెండు చివర్లు, కాబట్టి 4. సర్కిల్‌కి సెంటర్ వల్ల 2, రేడియస్ వల్ల 1, మొత్తం 3. మీరు పెట్టే ప్రతి కన్‌స్ట్రెయింట్ ఈ స్వేచ్ఛలో కొంత కోసేస్తుంది. "ఈ రెండు చివర్లు కలిసి ఉండాలి" అంటే 2 పోతాయి. "ఈ గీత అడ్డంగా ఉండాలి" అంటే 1 పోతుంది. ఒక కొలత ఇస్తే 1 పోతుంది.

ఇప్పుడు రెక్టాంగిల్ లెక్క చూద్దాం. నాలుగు గీతలు, ఒక్కోదానికి 4, మొత్తం 16. నాలుగు మూలలు కలిశాయి, మూలకి 2 చొప్పున 8 పోయాయి, మిగిలింది 8. రెండు గీతలు అడ్డం, రెండు నిలువు, ఇంకో 4 పోయాయి, మిగిలింది 4. రెక్టాంగిల్ టూల్ ఇంతవరకు మీకోసం తనే చేసిపెడుతుంది. వెడల్పు 60 ఇచ్చారు, ఎత్తు 60 ఇచ్చారు. మిగిలింది 2.

ఆ 2 ఏంటి? షేప్ తెలుసు, సైజ్ తెలుసు. ఎక్కడుందో తెలియదు. మౌస్‌తో పట్టుకుని లాగి చూడండి, రెక్టాంగిల్ మొత్తం చెక్కు చెదరకుండా స్క్రీన్ అంతా తిరుగుతుంది. ప్లాన్ ఉంది, ఇటుకలు ఉన్నాయి, సైట్ మాత్రం లేదు. ఫ్రీక్యాడ్ పక్కన ప్యానెల్‌లో ఇంకా 2 డీఓఎఫ్ మిగిలాయని చెబుతూనే ఉంటుంది. గీతలు కూడా డిఫాల్ట్ కలర్స్‌లో తెల్లగానే ఉంటాయి. ఒక మూలని ఒరిజిన్‌కి కలిపి చూడండి, టక్కున మొత్తం ఆకుపచ్చగా మారుతుంది. అంటే ఫుల్లీ కన్‌స్ట్రెయిన్డ్. సాలిడ్‌వర్క్స్‌లో ఇదే నీలం నుంచి నలుపుకి మారుతుంది, ఆన్‌షేప్‌లో కూడా అంతే.

తేలుతూ ఉంటే నష్టం ఏంటి అని అడగొచ్చు. ప్యాడ్ చేయనిస్తుంది కదా, చేయనిస్తుంది. సమస్య తర్వాత ఏదైనా మార్చినప్పుడు వస్తుంది. వెడల్పు 60 నుంచి 70 చేస్తే, ఆ 10 మి.మీ. ఎటువైపు పెరగాలి? కుడికా, ఎడమకా, రెండువైపులా సగం సగమా? మీరు చెప్పలేదు. సాఫ్ట్‌వేర్ లోపల ఉండే సాల్వర్ తనకి దగ్గరగా దొరికిన ఏదో ఒక సమాధానం తీసుకుంటుంది. ఆ ప్లేట్ పక్కన ఇంకో పార్ట్ ఉంటే, దాని లోపలికి చొచ్చుకుపోవచ్చు. మీరు అడగని ప్రశ్నకి అది సమాధానం ఊహించుకుంది, అంతే.

ఇక్కడ చిన్న పక్కదారి. ఈ కన్‌స్ట్రెయింట్స్ ఐడియా కొత్తదనుకుంటాం కానీ, 1963 నాటిది. ఎంఐటీలో ఐవాన్ సదర్లాండ్ అనే ఆయన తన పీహెచ్‌డీ కోసం స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రామ్ చేశాడు. టీఎక్స్-2 అనే గది నిండే కంప్యూటర్, దాని స్క్రీన్ మీద లైట్ పెన్‌తో గీయడం. గజిబిజిగా గీసేసి, ఈ రెండు గీతలు సమాంతరంగా ఉండాలి అంటే అదే సరిచేసేది. మనం ఫోన్ మీద వేలితో గీసి కన్‌స్ట్రెయింట్ నొక్కితే సర్దుకుంటుందే, దాని తాతయ్య అది. సరే, వెనక్కి వద్దాం.

తమ్ముడి ఫైల్ ఓపెన్ చేశాను. నేననుకున్నది ఒరిజిన్‌కి కట్టలేదేమో అని. కానీ కట్టాడు. ప్లేట్ కింద ఎడమ మూల సరిగ్గా ఒరిజిన్ మీద ఉంది. మొత్తం ఆకుపచ్చగా ఉంది. జీరో డీఓఎఫ్. ఏ టీచర్ చూసినా టిక్ పెడతారు. అయినా ప్లేట్ పనికిరాలేదు. అసలు విషయం ఇక్కడ మొదలవుతుంది.

అతను వాడింది నెమా 17 మోటార్. త్రీడీ ప్రింటర్లలో ఎక్కువగా కనిపించే చతురస్రం మోటార్, ఒక్కో వైపు సుమారు 42 మి.మీ. ఉంటుంది. దాని ముఖం మీద నాలుగు ఎం3 స్క్రూ హోల్స్ ఉంటాయి, పక్కపక్క హోల్స్ మధ్య దూరం 31 మి.మీ. మధ్యలో షాఫ్ట్ చుట్టూ 22 మి.మీ. గుండ్రటి ఉబ్బు ఉంటుంది. ప్లేట్‌లో ఆ ఉబ్బు కూర్చోవడానికి ఒక పెద్ద హోల్ కావాలి, చుట్టూ నాలుగు చిన్న హోల్స్ కావాలి.

తమ్ముడు ఏం చేశాడంటే, ప్రతి చిన్న హోల్‌ని దగ్గరలో ఉన్న రెండు అంచుల నుంచి కొలిచాడు. 60 లోంచి 31 తీసేస్తే 29, సగం చేస్తే 14.5. సో, ఎడమ హోల్స్‌కి ఎడమ అంచు నుంచి 14.5, కుడి హోల్స్‌కి కుడి అంచు నుంచి 14.5, పైకి కిందికి కూడా అలాగే. మధ్య హోల్‌కి ఎడమ నుంచి 30, కింద నుంచి 30. ప్లేట్ 60 ఉన్నంతసేపు అన్నీ కరెక్ట్. 70 చేయగానే కుడి అంచు 10 జరిగింది. కుడి హోల్స్ ఆ అంచుని పట్టుకుని ఉన్నాయి కాబట్టి అవీ 10 జరిగాయి. 31 కాస్తా 41 అయింది. మధ్య హోల్ ఎడమ అంచు నుంచి 30 దగ్గరే ఉండిపోయింది, కానీ నాలుగు హోల్స్ మధ్యభాగం ఇప్పుడు 35 దగ్గరుంది. అంటే 5 మి.మీ. పక్కకి. నిలువుగా మాత్రం ఇంకా 31 ఉంది. అందుకే స్క్రీన్ మీద చూస్తే పెద్ద తేడా అనిపించలేదు.

సాఫ్ట్‌వేర్ తప్పు చేయలేదు. "కుడి హోల్ కుడి అంచుకి 14.5 దూరంలో ఉండాలి" అని చెప్పారు, ఉంచింది. "హోల్స్ మధ్య 31 ఉండాలి" అని ఎక్కడా చెప్పలేదు. స్కెచ్ మొత్తం వెతికితే 31 అనే నంబరే కనపడదు! మోటార్ తయారుచేసినవాడు ఇచ్చిన అతి ముఖ్యమైన కొలత 31. అది స్కెచ్‌లో లేదు, దాని నుంచి లెక్క కట్టగా వచ్చిన 14.5 ఎనిమిది చోట్ల ఉంది.

కోడింగ్ చేసేవాళ్లకి ఈ వాసన తెలుసు. మ్యాజిక్ నంబర్ అంటాం. కోడ్ మధ్యలో ఎక్కడో 14.5 అని ఉంటుంది, ఎక్కడి నుంచి వచ్చిందో రాసినవాడికి కూడా ఆరు నెలల తర్వాత గుర్తుండదు. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు కోడ్ రివ్యూలో ఇలాంటిది కనపడితే ముందు అడిగే ప్రశ్న, "ఇది ఎక్కడి నుంచి వచ్చింది బాస్?" క్యాడ్ స్కెచ్‌లో ప్రతి కొలతనీ నేను అదే అడుగుతాను. 31 ఎక్కడి నుంచి వచ్చింది? మోటార్ నుంచి. ఓకే, ఉండనీ. 60 ఎక్కడి నుంచి? ఫ్రేమ్‌లో ఉన్న చోటు నుంచి. ఓకే. 14.5 ఎక్కడి నుంచి? రెండు నంబర్ల కూడికలు తీసివేతల నుంచి. అయితే దాన్ని చేత్తో రాయకూడదు, అదంతట అదే రావాలి.

ఇప్పుడు అదే ప్లేట్ మళ్లీ గీద్దాం. గీసే ముందు ఒక ప్రశ్న: ఈ ప్లేట్ ఎందుకు పుట్టింది? మోటార్ షాఫ్ట్‌ని ఒక చోట పట్టుకోవడానికి. అయితే షాఫ్ట్ సెంటర్‌ని ఒరిజిన్ మీద పెడదాం. ప్లేట్ మూలని కాదు. ప్లేట్ మూల రేపు మారొచ్చు, రౌండ్ చేయొచ్చు, కోసేయొచ్చు. షాఫ్ట్ మాత్రం షాఫ్టే.

స్టెప్ బై స్టెప్ చెప్తాను, ఫాలో అవ్వండి. ఒక సర్కిల్, సెంటర్ ఒరిజిన్ మీద, డయామీటర్ 22.5. ఉబ్బు 22 కదా, కాస్త గాలి ఆడాలని అర మి.మీ. ఎక్కువ ఇచ్చా. తర్వాత ఒక రెక్టాంగిల్, ఒరిజిన్ చుట్టూ వచ్చేలా ఉజ్జాయింపుగా. దీన్ని కన్‌స్ట్రక్షన్ జామెట్రీగా మార్చండి. ఆన్‌షేప్‌లో కీబోర్డ్ ఉంటే క్యూ నొక్కితే చాలు. గీత డ్యాష్ డ్యాష్‌గానో, రంగు మారో కనిపిస్తుంది. అంటే ఇది స్కెచ్‌లో ఉంటుంది కానీ ప్యాడ్ చేసినప్పుడు త్రీడీలోకి రాదు.

ఇది అర్థం కాకపోతే సంక్రాంతి చుక్కల ముగ్గు గుర్తు తెచ్చుకోండి. 7 చుక్కలు పెట్టి, 4 వచ్చేవరకు సందు చుక్క. అమ్మ ముందు చుక్కలన్నీ పెట్టేస్తుంది, ఆ తర్వాతే పిండి గీత మొదలవుతుంది. చుక్కల వరస వంకరపోతే ఎంత చేయి తిరిగినవాళ్లు గీసినా ముగ్గు వంకరే. కన్‌స్ట్రక్షన్ జామెట్రీ, రిఫరెన్స్ పాయింట్లు, ఇవన్నీ ఆ చుక్కలు. తేడా ఒకటే, ముగ్గులో చుక్కలు చివరివరకు కనిపిస్తాయి, ఇక్కడ ఫైనల్ పార్ట్‌లో కనిపించవు.

సరే, ఆ కన్‌స్ట్రక్షన్ రెక్టాంగిల్‌లో ఎదురెదురు మూలలు రెండు సెలెక్ట్ చేయండి, చివర్లో ఒరిజిన్ సెలెక్ట్ చేయండి, సిమెట్రిక్ కన్‌స్ట్రెయింట్ నొక్కండి. రెండు మూలలకి సరిగ్గా మధ్యలో ఒరిజిన్ వచ్చేస్తుంది. తర్వాత రెండు పక్కల గీతలకి ఈక్వల్ ఇవ్వండి, చతురస్రం అవుతుంది. ఒక గీతకి 31 ఇవ్వండి. అదిగో, మోటార్ తాలూకు కొలత తన సొంత పేరుతో స్కెచ్‌లోకి వచ్చింది. ఆ నాలుగు మూలల మీద నాలుగు చిన్న సర్కిల్స్, నాలుగూ ఈక్వల్, ఒకదానికి 3.4. ఎం3 స్క్రూ ఫ్రీగా దూరడానికి మామూలుగా ఇచ్చే సైజు అది. ఆఖరున బయటి ప్లేట్, ఇది మామూలు రెక్టాంగిల్, ఎదురెదురు మూలలు ఒరిజిన్‌కి సిమెట్రిక్, 60, 60.

ఆకుపచ్చ అయింది. ఎన్ని నంబర్లు రాశామో లెక్కపెట్టండి. 22.5, 31, 3.4, 60, 60. ఐదు. తమ్ముడి స్కెచ్‌లో హోల్స్ స్థానాలకి 8, మధ్య హోల్‌కి 2, ప్లేట్‌కి 2, డయామీటర్లు 5, మొత్తం 17. రెండూ ఫుల్లీ కన్‌స్ట్రెయిన్డే, రెండూ చూడ్డానికి ఒకటే బొమ్మ. ఇప్పుడు 60ని 70 చేయండి. ప్లేట్ అటు 5, ఇటు 5 పెరిగింది, హోల్స్ అంగుళం కూడా కాదు కదా, వెంట్రుక వాసి కూడా కదల్లేదు.

ఆగండి, ఇంకో మెలిక ఉంది. తమ్ముడికి చోటు కావలసింది బెల్ట్ ఉన్న కుడివైపు మాత్రమే. మనం రెండువైపులా 5 పెంచితే ఎడమవైపు ఫ్రేమ్‌కి తగులుతుంది. సిమెట్రీ అందంగా ఉంటుందని ఊరికే పెట్టేస్తాం కానీ, సిమెట్రీ పెట్టడం అంటే "ఈ రెండు వైపులు ఎప్పటికీ సమానం" అని మాట ఇవ్వడం. ఇక్కడ ఆ మాట అబద్ధం. అందుకని ఈ ప్లేట్‌కి అడ్డంగా సిమెట్రీ తీసేసి, నిలువు యాక్సిస్ నుంచి ఎడమ అంచుకి 30, కుడి అంచుకి 40 ఇచ్చాం. పైకి కిందికి మాత్రం అడ్డ యాక్సిస్‌కి సిమెట్రిక్‌గానే ఉంచాం. రేపు బెల్ట్ మారితే 40 ఒక్కటే మారుతుంది. యాక్సిస్ ఇక్కడ షాఫ్ట్ గుండా పోతోంది కాబట్టి, "షాఫ్ట్ నుంచి కుడికి 40" అని చదువుకోవచ్చు. స్కెచ్ చదివితే మెషిన్ గురించి అర్థమవ్వాలి.

అలాగని ఎప్పుడూ సెంటర్‌లోనే ఒరిజిన్ పెట్టండి అని నేను చెప్పట్లేదు. కొన్ని వీడియోల్లో అది రూల్ లాగా చెప్తారు, నేను ఒప్పుకోను. గోడకి కొట్టే షెల్ఫ్ బ్రాకెట్ తీసుకోండి. దానికి ముఖ్యం గోడకి ఆనే ముఖం, పలక ఆనే ముఖం. ఆ రెండూ కలిసే మూల ఒరిజిన్ అయితే అన్ని కొలతలూ "గోడ నుంచి ఇంత, పలక నుంచి ఇంత" అని వస్తాయి. బిగించేవాడు కూడా అలాగే కొలుస్తాడు. వర్క్‌షాప్‌లో మిల్లింగ్ మెషిన్ మీద చేసే పార్ట్ అయితే, ఆపరేటర్ వైస్‌లో బిగించి, అంచుని తాకించి, జీరో సెట్ చేసుకుంటాడు. సీఎన్‌సీలో జీ54 అనే కోడ్ వింటారు చూడండి, అది అలా సెట్ చేసుకున్న జీరోనే. కొలతలు ఆ అంచు నుంచి ఉంటే అతనికి పని సులువు. వర్క్‌షాప్‌కి వెళ్తే ఐదు నిమిషాలు నిలబడి, "అన్నా, మీరు జీరో ఎక్కడ తీసుకుంటారు?" అని అడగండి. ఇంజనీరింగ్ డ్రాయింగ్ క్లాసులో నాలుగు నెలలు చెప్పనిది అక్కడ తెలుస్తుంది.

యాక్సిస్‌కి ఇంకో పెద్ద పని ఉంది, తిప్పడం. బొంగరం కావాలంటే బొంగరం మొత్తం గీయక్కర్లేదు. నిలువు యాక్సిస్‌కి ఒక పక్క సగం ఆకారం గీసి, రివాల్వ్ నొక్కి, 360 డిగ్రీలు తిప్పితే బొంగరం వస్తుంది. ఏటికొప్పాక బొమ్మలు చేసేవాళ్లు లేత్ మీద కర్రని తిప్పుతూ ఉలి ఆనిస్తారు కదా, అక్కడ ఉలి నడిచిన దారి మన స్కెచ్, కర్ర తిరిగే ఇరుసు మన యాక్సిస్. రెండు జాగ్రత్తలు: ఆకారం యాక్సిస్ దాటి అవతలికి పోకూడదు, పోతే అది తనలోంచి తనే తిరిగి ఎర్రర్ ఇస్తుంది. రెండోది, యాక్సిస్ నుంచి మీరు కొలిచేది రేడియస్. బాటిల్ మూత 28 మి.మీ. అంటే స్కెచ్‌లో 14. ఫ్యాన్ లాంటివి కూడా ఇంతే, ఒక రెక్క గీసి యాక్సిస్ చుట్టూ 120 డిగ్రీలకి ఒకటి చొప్పున మూడు రిపీట్ చేయడమే. యాక్సిస్ పక్కకి ఉంటే మూడు రెక్కలూ మూడు ఊళ్లకి పోతాయి.

మన శిల్పులకి ఇది కొత్త కాదు. శిల్పశాస్త్రంలో విగ్రహం మధ్యగా పైనుంచి కిందికి వచ్చే నిలువు గీతని బ్రహ్మసూత్రం అంటారు. కొలతలు దాన్ని పట్టుకుని నడుస్తాయి. విగ్రహం పూర్తయ్యాక ఆ గీత రాయి మీద ఎక్కడా ఉండదు.

ఇప్పుడు కాస్త కష్టమైన భాగం. ఒక స్కెచ్ అయిపోయింది, త్రీడీ వచ్చింది, దాని మీద రెండో స్కెచ్ గీయాలి. ఎక్కడికి కట్టాలి? సహజంగా చేయి పోయేది కళ్ల ముందున్న అంచు మీదికి. ఆ అంచుని రిఫరెన్స్‌గా లాగి, దాని నుంచి కొలత ఇచ్చేస్తాం. ఇక్కడ ఒక పాత రోగం ఉంది, టోపలాజికల్ నేమింగ్ ప్రాబ్లమ్ అంటారు. త్రీడీ బాడీలో అంచులకి సాఫ్ట్‌వేర్ తనే పేర్లు పెట్టుకుంటుంది, ఎడ్జ్ 5, ఎడ్జ్ 7 అని. మీరు వెనక్కి వెళ్లి ఒక మూల రౌండ్ చేశారనుకోండి, అంచుల సంఖ్య మారుతుంది, నిన్నటి ఎడ్జ్ 7 ఈరోజు ఇంకో అంచు అయిపోవచ్చు. మీ రెండో స్కెచ్ మాత్రం ఎడ్జ్ 7నే పట్టుకుని ఉంటుంది, దాంతోపాటే ఎక్కడికో పోతుంది. ఫ్రీక్యాడ్‌లో ఇది ఏళ్ల తరబడి తలనొప్పి. 2024 నవంబర్‌లో వచ్చిన 1.0 వెర్షన్‌లో దీన్ని చాలావరకు తగ్గించారు. పూర్తిగా పోయిందని మాత్రం అనుకోకండి, ఇంకో పక్క అసలు ఆ అంచునే మీరు కోసేస్తే ఏ సాఫ్ట్‌వేరూ కాపాడలేదు.

ఇల్లు కట్టేటప్పుడు ముగ్గు పోయడం చూసే ఉంటారు. మేస్త్రీ మూలల్లో మేకులు పాతి, దారం కట్టి, 3, 4, 5 కొలతతో మూలమట్టం చూసుకుని, దారం వెంట సున్నం పోస్తాడు. గమనించారో లేదో, ఆ మేకులు పునాది గుంత లోపల ఉండవు, కాస్త బయటికి ఉంటాయి. ఎందుకంటే తవ్వడం మొదలవగానే సున్నం గీత పోతుంది, గుంత అంచు విరిగిపోతుంది. మేకులు బయట ఉంటే ఎప్పుడు కావాలన్నా దారం మళ్లీ కట్టుకోవచ్చు. క్యాడ్‌లో మీ బాడీ అంచులు ఆ గుంత అంచుల్లాంటివి. ఒరిజిన్, మూడు యాక్సిస్‌లు, మూడు బేస్ ప్లేన్లు బయట పాతిన మేకులు. మీరు ఏం తవ్వినా, ఏం కోసినా అవి కదలవు.

కాబట్టి రెండో స్కెచ్‌ని కూడా వీలైతే ఒరిజిన్‌కే కట్టండి. షాఫ్ట్ ఒరిజిన్ మీద ఉంది కదా, రెండో స్కెచ్‌లో కూడా ఒరిజిన్ అంటే షాఫ్టే, కొలతలు అలాగే నడుస్తాయి. ఒరిజిన్‌కి దూరంగా ఇంకో ముఖ్యమైన చోటు ఉందనుకోండి, ఉదాహరణకి బెల్ట్ అవతలి చివర తిరిగే పుల్లీ సెంటర్, అక్కడ ఒక డేటమ్ పాయింట్ గానీ, డేటమ్ లైన్ గానీ పెట్టుకోండి. ఒరిజిన్ నుంచి దానికి కొలత ఒక్కసారి ఇవ్వండి. ఆ పుల్లీకి సంబంధించినవన్నీ ఆ పాయింట్‌కి వేలాడదీయండి. బెల్ట్ పొడవు మారితే ఒక్క కొలత మారుతుంది, మిగతా గుంపంతా వెనకే వస్తుంది. మరి అంచుని ఎప్పుడూ పట్టుకోకూడదా అంటే, పట్టుకోవచ్చు. "ఈ మూత ఆ డబ్బా అంచుకి అతుక్కునే ఉండాలి" అన్నప్పుడు అంచునే పట్టుకోవాలి, అక్కడ అదే మీ ఉద్దేశం.

ఒక షార్ట్‌కట్ గురించి హెచ్చరిక. కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఫిక్స్ అనో, బ్లాక్ అనో, లాక్ అనో ఒక కన్‌స్ట్రెయింట్ ఉంటుంది. ఎక్కడుంటే అక్కడ మేకు కొట్టేయడం. అసైన్‌మెంట్ టైమ్ అయిపోతోందని అన్నిటికీ ఫిక్స్ కొట్టి రంగు మార్చేసి సబ్మిట్ చేసేవాళ్లని చాలామందిని చూశాను. రంగు వస్తుంది. కానీ 17.3826 దగ్గర ఉన్న గీత ఎప్పటికీ 17.3826 దగ్గరే ఉంటుంది, ఎందుకు అంటే ఎవరి దగ్గరా జవాబు ఉండదు. దిగుమతి చేసుకున్న పాత డ్రాయింగ్‌ని కదలకుండా ఉంచడానికి ఫిక్స్ వాడొచ్చు, దానికి మించి నాకైతే ఉపయోగం కనపడలేదు.

ఫోన్‌లో చేసేవాళ్లకి ఒక మాట. ఆన్‌షేప్ స్కెచ్‌లో ఫ్రీక్యాడ్ లాగా రెండు రంగుల యాక్సిస్ గీతలు కనిపించవు, ఒరిజిన్ పాయింట్ మాత్రం ఉంటుంది. దాని గుండా ఒక అడ్డ గీత, ఒక నిలువు గీత గీసి కన్‌స్ట్రక్షన్‌గా మార్చుకోండి, మీ యాక్సిస్‌లు రెడీ. వేలు లావు, స్క్రీన్ చిన్నది, గీత ఎక్కడో పడుతుంది, పడనివ్వండి. ఉజ్జాయింపుగా గీసి, తర్వాత జూమ్ చేసి కన్‌స్ట్రెయింట్స్ పెట్టండి. చేయి వణికినా 31 అంటే 31 వస్తుంది. ఒరిజిన్‌ని ట్యాప్ చేసేటప్పుడు మాత్రం దగ్గరగా జూమ్ చేయండి, పక్కన ఉన్న గీత సెలెక్ట్ అయిపోతూ ఉంటుంది. అన్నట్టు, ఆన్‌షేప్ ఫ్రీ ప్లాన్‌లో మీరు చేసిన డాక్యుమెంట్లు పబ్లిక్‌గా ఉంటాయి, ఎవరైనా చూడొచ్చు. కాలేజీ ప్రాజెక్ట్‌కి పర్లేదు, ఎవరిదైనా కంపెనీ పార్ట్ అయితే అందులో గీయకండి.

తమ్ముడి సంగతి చెప్పలేదు కదా. కొత్త స్కెచ్ తనే గీసుకున్నాడు, నేను ఫోన్‌లో వింటూ కూర్చున్నా. ఈసారి లేజర్ కటింగ్‌కి ఇచ్చేముందు డ్రాయింగ్‌ని ఒకటికి ఒకటి స్కేల్‌లో కాగితం మీద ప్రింట్ తీసి, కాగితానికి హోల్స్ చేసి, మోటార్ మీద పెట్టి చూసుకున్నాడు. రెండు రూపాయల పని. ప్రింట్ సెట్టింగ్స్‌లో "ఫిట్ టు పేజ్" తీసేయడం మర్చిపోకండి, లేకపోతే 31 కాస్తా 29 అయి ఇంకో కన్‌ఫ్యూజన్.

మీకు హోంవర్క్. నేను చెప్పిన ప్లేట్ గీయండి, ఎడమకి 30, కుడికి 40 ఉన్నది. గీశాక నాలుగు మార్పులు ఒక్కొక్కటిగా చేయండి: కుడి 40ని 55 చేయండి, ఎత్తు 60ని 50 చేయండి, 3.4ని 4.5 చేయండి, చివరగా 31ని 47.14 చేయండి. ఆఖరిది నెమా 23 అనే పెద్ద మోటార్ హోల్స్ దూరం. అక్కడ మధ్య హోల్ కూడా పెంచాలి, దాని ఉబ్బు సుమారు 38 మి.మీ. ఉంటుంది, ప్లేట్ 50 ఎత్తు చాలదని కూడా మీకే కనపడుతుంది. ఏ మార్పులో ఏ గీత కదిలిందో, ఏది కదలకూడదనుకుంటే కదిలిందో ఒక కాగితం మీద రాసుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో ఇదే ప్లేట్‌కి బెల్ట్ టైట్ చేసుకోవడానికి గుండ్రటి హోల్స్ బదులు పొడుగాటి స్లాట్స్ పెడదాం, ఫైల్ డిలీట్ చేయకండి. ఉంటాను, బై.